కమిట్ చేశారా? అయితే దొరుకుతుంది: గిట్ మీద పాఠకుల ప్రశ్నలు

ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. దాన్ని కొత్తగా నేర్చుకుంటున్న పాఠకుల నుంచి పదేపదే వస్తున్న ప్రశ్నలను ఈసారి తీసుకున్నాం. ఒక మనవి. కమాండ్లను ఇక్కడ పలికే తీరున తెలుగు లిపిలో అచ్చువేశాం. టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. హెడ్ అనే మాటను మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టండి. చుక్కలు, అడ్డగీతలు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉంటే అలాగే ఉండాలి.

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టు ఫోల్డర్లో ఫైనల్, ఫైనల్2, కొత్త ఫైనల్ అంటూ కాపీలు పేరుకుపోయాయి. గిట్ వాడమని లెక్చరర్ గారు చెప్పారు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా మొదలుపెడుతున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలండీ?
– విద్యార్థిని, తెనాలి

జవాబు: ముందు గిట్ --వర్షన్ అని కొట్టి అంకె చూసుకోండి. 2.23 కంటే పాతదైతే, అంటే 2019 ఆగస్టుకు ముందుదైతే, కొత్తది వేసుకోండి. రిస్టోర్, స్విచ్ అనే కమాండ్లు అప్పుడే వచ్చాయి. తరవాత ఒక్కసారి మాత్రం చేయాల్సిన పని ఇది:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్ "మీ పేరు"
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.ఈమెయిల్ "మీ ఈమెయిల్"
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ ఇనిట్.డిఫాల్ట్‌బ్రాంచ్ మెయిన్

మొదటి రెండూ లేకపోతే తొలి కమిట్ (మార్పులను చరిత్రలో నమోదు చేయడం) దగ్గరే "ప్లీజ్ టెల్ మి హూ యు ఆర్" అంటూ గిట్ ఆగిపోతుంది. ఇక్కడిచ్చే ఈమెయిల్ ప్రతి కమిట్‌లోనూ నమోదవుతుంది. రేపు ఆ ప్రాజెక్టును అందరికీ కనిపించేలా పెడితే ఈమెయిల్ కూడా కనిపిస్తుంది, ఆలోచించి ఇవ్వండి. మూడో లైను ఎందుకంటే, గిట్ తనంతట తాను తొలి బ్రాంచికి, అంటే కమిట్లు వరసగా చేరే దారికి, మాస్టర్ అని పేరు పెడుతూ వచ్చింది. గిట్ ప్రాజెక్టులను నెట్‌లో పెట్టుకునే సేవ గిట్‌హబ్ 2020 నుంచి మెయిన్ అంటోంది. ఈ తేడా వల్లే చాలామందికి మొదటి పుష్ (కమిట్లను సర్వర్‌కు పంపడం) దగ్గర "సోర్స్ రెఫ్‌స్పెక్ మెయిన్ డజ్ నాట్ మ్యాచ్ ఎనీ" అనే ఎర్రర్ వస్తుంది. ఒక్క కమిట్ కూడా చేయకుండా పుష్ కొట్టినా ఇదే ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు కాపీలన్నిటిలో సరైన దాన్ని ఒక్కటే ఉంచుకుని, సీడీ కమాండుతో ఆ ఫోల్డర్లోకి వెళ్లి గిట్ ఇనిట్ కొట్టండి. ఆ ఫోల్డర్లోకే వెళ్లారా అన్నది ముఖ్యం. డెస్క్‌టాప్ మీదో, హోమ్ ఫోల్డర్లోనో ఇనిట్ కొడితే అక్కడున్న ఫొటోలు, పాటలతో సహా వేల ఫైళ్లను గిట్ పట్టించుకోవడం మొదలుపెడుతుంది. ఎక్కడ కొట్టామో అనుమానం వస్తే గిట్ రెవ్-పార్స్ --షో-టాప్‌లెవెల్ అనండి, ఇనిట్ కొట్టిన ఫోల్డరు పేరు చెబుతుంది. ఇనిట్ చేసేదల్లా .గిట్ అనే దాగి ఉండే ఫోల్డరును తయారు చేయడం. చరిత్ర అంతా అందులోనే ఉంటుంది. దాన్ని చెరిపేస్తే ఫైళ్లు మిగులుతాయి, చరిత్ర పోతుంది.

రోజువారీ పని నాలుగు కమాండ్లే: గిట్ స్టేటస్, గిట్ యాడ్, గిట్ కమిట్, గిట్ లాగ్. వీటిని అర్థం చేసుకోవాలంటే మీ ఫైలు మూడు చోట్ల ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, మీరు ఎడిటర్లో మారుస్తున్న మామూలు ఫైలు. రెండు, తరవాతి కమిట్‌లోకి వెళ్లడానికి సిద్ధం చేసిన రూపం. దీన్ని ఇండెక్స్ అంటారు, స్టేజింగ్ అని కూడా అంటారు. మూడు, కమిట్ అయిపోయి చరిత్రలో చేరిన రూపం. యాడ్ మొదటి చోటు నుంచి రెండోదానికి, కమిట్ రెండో చోటు నుంచి మూడోదానికి పంపుతాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యాడ్ చేశాక అదే ఫైలును మళ్లీ మార్చి కమిట్ కొడితే, కమిట్‌లో చేరేది యాడ్ చేసిన నాటి రూపం. తరవాతి మార్పు బయటే ఉండిపోతుంది. అప్పుడు స్టేటస్ చూస్తే ఒకే ఫైలు రెండు పట్టికల్లోనూ, ఒకచోట ఆకుపచ్చగా, ఇంకోచోట ఎర్రగా కనిపిస్తుంది. మళ్లీ యాడ్ చేస్తే సరిపోతుంది. గిట్ డిఫ్ అంటే ఇంకా యాడ్ కాని మార్పులు, గిట్ డిఫ్ --స్టేజ్డ్ అంటే కమిట్‌కు సిద్ధంగా ఉన్న మార్పులు కనిపిస్తాయి. కమిట్‌కు ముందు ఈ రెండోది చూసే అలవాటు చేసుకుంటే పొరపాటున వెళ్లే చెత్త చాలావరకు ఆగిపోతుంది. డిఫ్, లాగ్ తెర నిండా వచ్చి కదలకుండా నిలబడితే క్యూ కీ నొక్కండి, బయటికి వస్తారు.

కమిట్‌కు ఒక వాక్యం రాయాలి: గిట్ కమిట్ -ఎమ్ "లాగిన్‌లో ఖాళీ పాస్‌వర్డ్‌ను అడ్డుకోవడం". "మార్పులు", "అప్‌డేట్" అని రాస్తే ఆరు నెలల తరవాత లాగ్ చూసి ప్రయోజనం ఉండదు. ఒక కమిట్‌లో ఒకే పని ఉండాలి. అప్పుడే ఆ ఒక్క పనిని వెనక్కి తీసుకోగలరు. గిట్ లాగ్ --వన్‌లైన్ కొడితే ఒక్కో కమిట్ ఒక్కో లైనులో, ముందు ఏడెనిమిది అక్షరాల గుర్తుతో కనిపిస్తుంది. అసలు గుర్తు పొడవు 40 అక్షరాలు, మనకు మొదటి కొన్ని చాలు.

ప్రశ్న: గిట్ కమిట్ అని మాత్రమే కొట్టాను. తెర మారిపోయి అడుగున ఏవో గీతలు వచ్చాయి. ఏం కొట్టినా బయటికి రావడం లేదు. విండో మూసేయాల్సి వచ్చింది.
– ప్రైవేటు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: -ఎమ్ ఇవ్వకపోతే సందేశం రాయడానికి గిట్ ఒక ఎడిటర్ తెరుస్తుంది. చాలా మెషీన్లలో అది విమ్. ఐ కీ నొక్కి సందేశం రాసి, ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి ఎంటర్ నొక్కండి. కమిట్ వద్దనుకుంటే ఎస్కేప్ తరవాత కోలన్, సి, క్యూ, ఎంటర్. ఏమీ రాయకుండా మామూలుగా బయటికి వచ్చినా సందేశం ఖాళీ కాబట్టి కమిట్ రద్దవుతుంది. కానీ అమెండ్ (చివరి కమిట్‌ను సవరించడం), మెర్జ్ (రెండు బ్రాంచీలను కలపడం) సమయాల్లో సందేశం ముందే నిండి ఉంటుంది కాబట్టి అప్పుడు కమిట్ అయిపోతుంది. అందుకే సి, క్యూ గుర్తుపెట్టుకోండి. విమ్ వద్దంటే గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ నోట్‌ప్యాడ్ అనండి. లినక్స్‌లో నోట్‌ప్యాడ్ బదులు నానో అని ఇవ్వండి.

ప్రశ్న: మా చిన్న పత్రిక వ్యాసాలను గిట్‌లో పెట్టాలని చూస్తున్నాం. ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టాం. స్టేటస్ కొడితే పేర్ల బదులు 340, 260 అంటూ అంకెలు వస్తున్నాయి. కొన్ని ఫైళ్లకు డిఫ్ అడిగితే "బైనరీ ఫైల్స్ డిఫర్" అంటోంది. ఒక్క అక్షరం దిద్దినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తోంది. తెలుగుకు గిట్ పనికిరాదా?
– సంపాదకవర్గ సభ్యుడు, విజయనగరం

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. మీరడిగిన మూడు ఇబ్బందులకూ కారణాలు వేరు, మూడింటికీ మందుంది.

పేర్ల సంగతి. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఇంగ్లిష్ కాని బైట్లను గిట్ జాగ్రత్తకోసం అష్టాంశ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెల్లో చూపిస్తుంది. "త" అనేది \340\260\244 అవుతుంది. ఫైలుకు ఏమీ కాలేదు, చూపించే తీరే అలా ఉంది. గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అని ఒక్కసారి కొడితే పేర్లు తెలుగులో వస్తాయి. విండోస్‌లో పాత నల్ల కిటికీలో డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ లోపం. విండోస్ టెర్మినల్ వాడి చూడండి. ఇక డిఫ్ లోపల కోణపు బ్రాకెట్లలో ఈ0, బీ0 లాంటివి వస్తే లెస్ అనే పేజర్‌కు (పొడవైన ఫలితాన్ని తెర తెరగా చూపే ప్రోగ్రాముకు) యూటీఎఫ్-8 అని తెలియలేదన్నమాట. లెస్‌చార్‌సెట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, పేరు పెద్ద అక్షరాల్లో, విలువ యూటీఎఫ్-8 అని పెట్టండి.

బైనరీ అనడానికి కారణం దాదాపుగా ఎన్‌కోడింగే. ఫైలు మొదటి 8,000 బైట్లలో సున్నా బైటు కనిపిస్తే గిట్ దాన్ని బైనరీగా లెక్కవేస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో "యూనికోడ్" అని ఎంచుకుని సేవ్ చేస్తే అది యూటీఎఫ్-16. అందులో ప్రతి ఖాళీలోనూ, లైను చివర్లోనూ సున్నా బైటు ఉంటుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లించినా యూటీఎఫ్-16 ఫైలే వస్తుంది. సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని తిరిగి కమిట్ చేయండి. వర్డ్ ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు నిజంగానే బైనరీ. గిట్ వాటిని భద్రపరుస్తుంది గానీ లోపల ఏ మాట మారిందో చూపలేదు. అను ఫాంట్లలో కొట్టిన పాత వ్యాసాలు యూనికోడ్ కావు కాబట్టి డిఫ్‌లో అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌కు మార్చుకుని, మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టుకోవడం మేలు.

పేరా మొత్తం మారినట్టు కనిపించడానికి కారణం, గిట్ లైను లెక్కన పోలుస్తుంది. మీ పేరా అంతా ఒకటే లైను. చూసేటప్పుడు గిట్ డిఫ్ --వర్డ్-డిఫ్ అనండి, మారిన మాటలే రంగుల్లో కనిపిస్తాయి. అంతకన్నా మంచి పద్ధతి ఒక్కో వాక్యాన్ని ఒక్కో లైనులో రాయడం. మార్క్‌డౌన్‌లో, లాటెక్‌లో మధ్యలో ఖాళీ లైను ఉంటేనే కొత్త పేరా అవుతుంది కాబట్టి అచ్చులో తేడా రాదు. ఇద్దరు ఒకే పేరాలో వేర్వేరు చోట్ల దిద్దినా గొడవపడే అవకాశం బాగా తగ్గుతుంది. పత్రిక పనికి ఈ ఒక్క అలవాటు చేసే మేలు అంతా ఇంతా కాదు.

మీరు అడగని నాలుగో ఇబ్బంది ఒకటుంది. చూడ్డానికి రెండు లైన్లూ ఒకేలా ఉంటాయి, డిఫ్ మాత్రం మారిందంటుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు నిలబడడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తాం. ఒకరి కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకరిది లైను చివర అనవసరంగా వదిలేస్తుంది. లైను చివరి మామూలు ఖాళీలదీ ఇదే తంతు. మీ బృందమంతా ఒకే కీబోర్డు వాడేలా ఒప్పందం చేసుకోండి.

ప్రశ్న: తప్పు జరిగితే వెనక్కి వెళ్లడానికి ఒక్కో చోట ఒక్కో కమాండు చెబుతున్నారు. చెకౌట్, రీసెట్, రివర్ట్, రిస్టోర్... ఏది ఎప్పుడు? మొన్న రీసెట్ --హార్డ్ కొట్టి రెండు రోజుల పని పోగొట్టుకున్నాను.
– వెబ్ డెవలపర్, బెంగళూరు

జవాబు: ముందు మీ పోయిన పని సంగతి. అది కమిట్ చేసిన పనే అయితే పోలేదు. గిట్ రీఫ్లాగ్ కొట్టండి. హెడ్, అంటే మీరు ప్రస్తుతం ఉన్న కమిట్‌ను చూపే గుర్తు, ఇంతకుముందు ఎక్కడెక్కడ ఉందో వరసగా వస్తుంది. రీసెట్‌కు ముందున్న కమిట్ గుర్తు చూసుకుని గిట్ బ్రాంచ్ రక్షణ, పక్కన ఆ గుర్తు కొట్టండి. రక్షణ అనేది బ్రాంచి పేరు, మీకు నచ్చినది పెట్టుకోవచ్చు. పని అంతా ఆ బ్రాంచిలో ఉంటుంది. ఏ బ్రాంచికీ అందని కమిట్ల నమోదు రీఫ్లాగ్‌లో మామూలుగా 30 రోజులుంటుంది, అందుకని ఆలస్యం చేయకండి. రీఫ్లాగ్ మీ మెషీన్‌లోనే ఉంటుంది, సర్వర్ నుంచి కొత్తగా క్లోన్ చేసుకున్న కాపీలో వెతికితే దొరకదు.

కమిట్ చేయలేదు గానీ యాడ్ చేశారా? అప్పుడూ ఆశ ఉంది. గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్ కొడితే తెగిపోయిన ముక్కలు .గిట్ లోపలి లాస్ట్-ఫౌండ్ ఫోల్డర్లో అదర్ అనే చోటికి వస్తాయి. పాత ఫైలు పేర్లు ఉండవు, ఒక్కొక్కటీ తెరిచి గుర్తుపట్టాలి. యాడ్ కూడా చేయనిదైతే గిట్ చేతిలో ఏమీ లేదు. ఎడిటర్‌కు సొంత చరిత్ర ఉంటే అక్కడ వెతకండి.

ఇక ఏది ఎప్పుడు అన్నది. ఎడిటర్లో చేసిన మార్పు వద్దు, చివరి కమిట్‌లో ఉన్నట్టే కావాలంటే గిట్ రిస్టోర్, పక్కన ఫైలు పేరు. యాడ్ చేసి ఉంటే యాడ్ చేసిన రూపం వస్తుంది. ఇది అడగకుండా తుడిచేస్తుంది, ముందు డిఫ్ చూడండి. పొరపాటున యాడ్ చేశారు, మార్పు మాత్రం ఉండాలంటే గిట్ రిస్టోర్ --స్టేజ్డ్, పక్కన ఫైలు పేరు. ఇంకా ఒక్క కమిట్ కూడా లేని రెపోలో (గిట్ పెట్టిన ఫోల్డర్లో) ఇది పనిచేయదు, అక్కడ గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్ వాడాలి. చివరి కమిట్ సందేశంలో అచ్చుతప్పు దొర్లినా, ఒక ఫైలు మరిచిపోయినా ఆ ఫైలు యాడ్ చేసి గిట్ కమిట్ --అమెండ్. చివరి కమిట్‌ను విప్పి మార్పులు మాత్రం చేతిలో ఉంచుకోవాలంటే గిట్ రీసెట్ --సాఫ్ట్ హెడ్~1.

అమెండ్, రీసెట్ రెండూ చరిత్రను తిరగరాస్తాయి. కమిట్ గుర్తు మారిపోతుంది. పుష్ చేసి, ఇతరులు తీసుకున్న తరవాత వీటిని వాడితే వాళ్ల చరిత్రకూ మీ చరిత్రకూ పొంతన ఉండదు. పుష్ అయిపోయిన తప్పుకు గిట్ రివర్ట్, పక్కన కమిట్ గుర్తు. అది పాతదాన్ని ముట్టుకోదు, దానికి సరిగ్గా వ్యతిరేకమైన మార్పుతో కొత్త కమిట్ చేరుస్తుంది. చెకౌట్ ఫైళ్లను వెనక్కి తేవడం, బ్రాంచి మారడం రెండూ చేస్తుంది. ఆ తికమక వల్లే రిస్టోర్, స్విచ్ అని విడగొట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండే నేర్చుకోవడం మంచిది.

రీసెట్ --హార్డ్ కొట్టే ముందు గిట్ స్టేటస్ చూడండి. ఎర్రగా గానీ, ఆకుపచ్చగా గానీ ఏదైనా కనిపిస్తే ముందు దాన్ని ఒక తాత్కాలిక బ్రాంచిలో కమిట్ చేసి పెట్టండి. గిట్ స్విచ్ -సి, పక్కన కొత్త పేరు కొడితే బ్రాంచి తయారవుతుంది, చేతిలో ఉన్న మార్పులు వెంట వస్తాయి.

ప్రశ్న: గిట్, గిట్‌హబ్ ఒకటేనా? నెట్ లేకపోతే గిట్ పనిచేయదా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, నిర్మల్

జవాబు: వేరు. లినక్స్ కెర్నెల్ బృందం అంతకుముందు వాడిన బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు 2005లో పోవడంతో, లినస్ టోర్వాల్డ్స్ ఆ ఏడాది ఏప్రిల్‌లో గిట్ రాయడం మొదలుపెట్టారు. కొన్ని నెలలకే ఆ బాధ్యత జునియో హమానో చేతికి వెళ్లింది. గిట్‌హబ్ 2008లో మొదలైన సేవ, 2018 నుంచి మైక్రోసాఫ్ట్‌ది. గిట్‌ల్యాబ్, కోడ్‌బర్గ్ కూడా అలాంటి చోట్లే. కమిట్, లాగ్, డిఫ్, బ్రాంచ్ ఏవీ నెట్ అడగవు. క్లోన్ (రెపో కాపీ తెచ్చుకోవడం), ఫెచ్, పుల్ (కొత్త కమిట్లు తెచ్చుకోవడం), పుష్ మాత్రం సర్వర్‌తో మాట్లాడాలి.

ప్రశ్న: గిట్‌హబ్‌కు పుష్ చేస్తుంటే సరైన పాస్‌వర్డే కొట్టినా ఒప్పుకోవడం లేదు. అది ఎలాగో దాటాక "రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్" అంటోంది. పుల్ కొడితే "అన్‌రిలేటెడ్ హిస్టరీస్" అంటోంది.
– ఎంసీఏ విద్యార్థి, కర్నూలు

జవాబు: కమాండ్ లైన్ నుంచి ఖాతా పాస్‌వర్డ్‌ను గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి తీసుకోవడం లేదు. పాస్‌వర్డ్ స్థానంలో టోకెన్ (గిట్‌హబ్ సెట్టింగుల్లో తయారు చేసుకునే పొడవైన రహస్య గుర్తు) ఇవ్వాలి, లేదంటే ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకోవాలి. టోకెన్ అతికించేటప్పుడు తెర మీద చుక్క కూడా కనిపించదు, అతుక్కోలేదనుకుని రెండుసార్లు అతికించకండి. సొంత మెషీనైతే ఎస్ఎస్‌హెచ్ కీ హాయి: ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519 కొడితే రెండు ఫైళ్లు వస్తాయి. పేరు చివర .పబ్ ఉన్నదే గిట్‌హబ్ సెట్టింగుల్లో ఇవ్వాలి. రెండోది ఎవరికీ ఇవ్వకూడదు. రెపో చిరునామాను కూడా ఎస్ఎస్‌హెచ్ రూపంలోకి మార్చాలి: గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్, పక్కన ఆ చిరునామా. ఇది మరిచిపోతే కీ పెట్టినా పాస్‌వర్డే అడుగుతుంది.

"ఫెచ్ ఫస్ట్" అంటే సర్వర్లో మీ దగ్గర లేని కమిట్ ఉంది. మామూలుగా తోటివారి పని. గిట్ పుల్ --రీబేస్ కొట్టి మళ్లీ పుష్ చేయండి. అది సర్వర్లోని కమిట్లను తెచ్చి, మీ కమిట్లను వాటి మీద పేరుస్తుంది. రీబేస్‌కు ముందు చేతిలో ఉన్న మార్పులు కమిట్ అయి ఉండాలి. మీ విషయంలో కారణం వేరే. గిట్‌హబ్‌లో రెపో తెరిచేటప్పుడు రీడ్‌మీ పెట్టె మీద టిక్ పెట్టారు. దాంతో అక్కడ ఒక చరిత్ర, మీ ఫోల్డర్లో ఇంకో చరిత్ర విడివిడిగా పుట్టాయి. సులువైన దారి, అక్కడి రెపోలో ఇంకేమీ లేదు కాబట్టి దాన్ని తీసేసి టిక్ లేకుండా ఖాళీగా మళ్లీ తెరవడం. --ఫోర్స్‌తో పుష్ చేయమని ఎవరైనా చెబితే, ఉమ్మడి రెపోలో ఎప్పుడూ చేయకండి. తోటివారి కమిట్లు సర్వర్ నుంచి మాయమవుతాయి.

ప్రశ్న: పుల్ చేశాక ఫైల్లో చిన్న కోణాల గుర్తులు, సమాన గుర్తులు వచ్చిపడ్డాయి. భయమేసి ఫోల్డరు మొత్తం చెరిపి మళ్లీ క్లోన్ చేశాను. సరైన పద్ధతేమిటి?
– సాఫ్ట్‌వేర్ ట్రైనీ, డల్లాస్

జవాబు: ఒకే చోటును ఇద్దరూ మార్చారు, ఏది ఉంచాలో గిట్ మిమ్మల్ని అడుగుతోంది. ఏడు చిన్న కోణాల నుంచి ఏడు సమాన గుర్తుల వరకు ఒక పక్షం, అక్కడినుంచి ఏడు పెద్ద కోణాల వరకు రెండో పక్షం. మామూలు మెర్జ్‌లో పైది మీది, కిందిది వచ్చినది. రీబేస్‌లో తారుమారు: మీ కమిట్లను వాళ్ల దాని మీద తిరిగి పేరుస్తుంది కాబట్టి పైది వాళ్లది, కిందిది మీది. ఇది తెలియక సొంత పనిని చెరుపుకున్నవాళ్లు ఎందరో.

గిట్ స్టేటస్‌లో "బోత్ మాడిఫైడ్" అని ఉన్న ఫైళ్లు తెరవండి. రెండు పక్షాలూ చదివి, కావాల్సిన రూపం రాసి, మూడు గుర్తుల లైన్లూ తీసేయండి. చాలాసార్లు రెండిట్లో ఏ ఒక్కటీ చాలదు, రెండూ కలిపి రాయాల్సి వస్తుంది. యాడ్ చేశాక గిట్ డిఫ్ --స్టేజ్డ్ --చెక్ కొడితే మరిచిపోయిన గుర్తులుంటే పట్టిస్తుంది. తరవాత మెర్జ్ అయితే గిట్ కమిట్, రీబేస్ అయితే గిట్ రీబేస్ --కంటిన్యూ. మధ్యలో తికమక పడితే గిట్ మెర్జ్ --అబార్ట్, లేదా గిట్ రీబేస్ --అబార్ట్. పుల్‌కు ముందు ఎలా ఉందో అలా అవుతుంది, ఫోల్డరు చెరపనక్కర్లేదు.

ప్రశ్న: డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును పొరపాటున పుష్ చేశాను. .గిట్‌ఇగ్నోర్‌లో పేరు చేర్చినా ఫైలు అక్కడే కనిపిస్తోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయండి. అందరికీ కనిపించే రెపో అయితే ఎవరో ఒకరు చూశారనే అనుకోవాలి. ఈ పని అయ్యాకే మిగతావి.

.గిట్‌ఇగ్నోర్ అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల పేర్ల జాబితా. అది గిట్‌కు ఇంకా తెలియని ఫైళ్లకే వర్తిస్తుంది. ఒకసారి కమిట్ అయిన ఫైలును గిట్ చూస్తూనే ఉంటుంది. గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్, పక్కన ఫైలు పేరు కొట్టి కమిట్ చేయండి. మీ డిస్కు మీద ఫైలు ఉంటుంది, గిట్ దాన్ని వదిలేస్తుంది. అయితే ఆ మార్పును పుల్ చేసుకున్న తోటివారి దగ్గర ఫైలు చెరిగిపోతుంది, ముందే చెప్పండి. పాత కమిట్లలో పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. అక్కడినుంచీ తీయాలంటే గిట్ ఫిల్టర్-రెపో అనే విడి పనిముట్టు వేసుకోవాలి. దానితో చరిత్ర మొత్తం గుర్తులు మారిపోతాయి, బృందమంతా కొత్తగా క్లోన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ మార్చేశాక ఈ శ్రమ చాలా సందర్భాల్లో అవసరం ఉండదు.

వీడియోలు, పెద్ద డేటా ఫైళ్లది కూడా ఇదే దారి. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తీసుకోదు. తరవాతి కమిట్‌లో దాన్ని చెరిపినా పుష్ ఆగిపోతూనే ఉంటుంది, పాత కమిట్‌లో అది ఉంది గనక. చివరి కమిట్‌లోనే చేరిందా? ఇంకా పుష్ కాలేదు కాబట్టి గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్‌తో తీసి, గిట్ కమిట్ --అమెండ్ చేసి మళ్లీ పుష్ చేయండి.